నక్కవాగు నుంచి మూసీ దాకా: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందుగా చెప్పవలసింది రాత్రి కాపలా. తొలకరి పడ్డ రాత్రే మన నక్కవాగు రంగు మారుతుందని మనకు ఏళ్లుగా తెలుసు. వరదలో కలిసిపోతుందన్న ధీమాతో పటాన్‌చెరు ఫ్యాక్టరీలవాళ్లు దాచిపెట్టిన కెమికల్ నీళ్లను అప్పుడే వదులుతారు. అందుకే వానాకాలమంతా కల్వర్టు దగ్గర ఇద్దరిద్దరం వంతులు వేసుకున్నాం. నురగ కనబడగానే సీసాలో నీళ్లు పట్టి, తేదీ, వేళ రాసి, సాక్షుల సంతకాలతో సీలు వేశాం. అధికారులు వచ్చేసరికి వాగు తేటబడిన రోజులే ఎక్కువ. రాత్రిపూటే వచ్చి నమూనా తీయాలని రాసి ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాం.

చెరువు పూడికతీత వాయిదా వేసినందుకు కొందరికి కోపం వచ్చింది. ఎప్పటిలా ఆ మట్టిని పొలాలకు తోలుకుంటే అడుగున పేరుకున్న విషం మన వరిలోకే వస్తుంది. మట్టి పరీక్ష కావాలి. విషం ఉందని తేలితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించే ఖర్చు కలుషితం చేసినవాళ్లే పెట్టుకోవాలి. అప్పటిదాకా పార పట్టవద్దని కార్యవర్గం మాట.

కొత్త సభ్యుల కోసం ఒక సంగతి. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. ఆ పోరాటానికి వెన్నెముకగా నిలిచిన స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు గారిని మరవొద్దు. ఇక్కడి మందులు సముద్రాలు దాటి పోతాయి, వాటి కడుగునీళ్లు మనకు మిగులుతాయి. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి చేశాక వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. మాత్ర మింగిన రోగి నెత్తుటిలో కూడా అంత ఉండదు.

ఆ నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డునున్న అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం వైపు మళ్లించినప్పుడు మనం సంబరపడ్డాం. నక్కవాగు మంజీరలో కలిసి గోదావరికి పోతుంది. మూసీ పోయేది కృష్ణకు. ఒక నది పరీవాహకంలోని పీడను ఇంకో నదికి అంటగట్టారన్నమాట. ఈ ఏడాది మన సభ్యులు పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వెళ్లి మూసీ నీటితో పశువుల గడ్డి పండించే రైతులతో కూర్చున్నారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు నగరంలో మన బంధువులే తాగుతున్నారు. మన వాగు తేటపడటానికి వాళ్ల పొలాలు పాడుకావడం మనం కోరిన న్యాయం కాదు. అందుకే ఇకమీదట "మా దగ్గర వద్దు" అన్న మాట మన వినతిపత్రాల్లో ఉండదు. ఫ్యాక్టరీ గేటు లోపలే పూర్తిగా శుద్ధి చేసి అక్కడే తిరిగి వాడాలని, రెండు వైపుల రైతుల సంతకాలతో అడుగుతాం.

జమాఖర్చుల పట్టిక గ్రామపంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాం. సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి.

మృగశిర కార్తె లోపే కాపలా వంతుల పట్టిక తయారు కావాలి. పేర్లు ఇవ్వండి. ఖాళీ సీసాలు, సీలు వేసే లక్క, టార్చిలైట్లు కార్యదర్శి ఇంట్లో ఉన్నాయి.