చైనావాళ్ళ జేడ్ మన పచ్చ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో చైనా పాత సమాధుల మీద వ్యాసం వేశారు. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి, కానీ జేడ్ అనే రాయి పేరు వచ్చిన చోటల్లా ఓసారి మరకతం అనీ ఓసారి పచ్చ అనీ రాసుకుంటూ పోయారు. నేను జాతిరాళ్ళు అమ్మే కొట్లో పన్నెండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తామో లేదో, ఒక పెద్దాయన మీ పేపర్ చంకలో పెట్టుకుని వచ్చి "బుధుడికి పచ్చ పెట్టుకోమన్నారు, ఈ చైనా రాజు ఒంటినిండా వేసుకున్న పచ్చ మీ దగ్గర తక్కువలో ఏమైనా వస్తుందా" అని అడిగాడు. ఆయనకి నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. అందుకే ఈ ఉత్తరం.

పచ్చ నవరత్నాల్లో ఒకటి, జేడ్ ఆ తొమ్మిదింట్లో లేనే లేదు. పచ్చ పెళుసు, జారి నేలమీద పడితే అంచు లేచిపోవచ్చు. జేడ్ లోపల సన్నటి పీచు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బకి కూడా అంత తేలిగ్గా లొంగదు. ఇక రంగంటారా, ఇప్పుడు మనం షాపుల్లో చూసే కళ్ళు జిగేల్‌మనే ఆకుపచ్చ జేడ్ బర్మా నుంచి చైనాకి ఎక్కువగా వెళ్ళడం మొదలైందే 18వ శతాబ్దంలో, అది పాత జేడ్ కాదు, వేరే ఖనిజమని డామూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1863లో తేల్చాడు. అంతకుముందు వేల ఏళ్ళపాటు వాళ్ళు వాడింది నెఫ్రైట్ అనే రకం జేడ్. తెలుపు, బూడిద, గోధుమ, నలుపు, పాలిపోయిన ఆకుపచ్చ, ఇన్ని రంగులున్నాయి అందులో. వీటిలో అందరూ నెత్తిన పెట్టుకున్నది తెల్లదాన్ని. పశ్చిమ చైనాలో ఖోటాన్ దగ్గర నదుల్లో గులకరాళ్ళలా దొరికే ఆ రాయిని గొర్రెకొవ్వు జేడ్ అంటారు. గొర్రెకొవ్వుని పట్టుకుని పచ్చ అంటే ఎలాగండీ!

(జేడ్ అన్న పేరు కూడా చైనాది కాదు, స్పానిష్ నుంచి వచ్చింది. వాళ్ళు యూ అంటారు. రాజు అని రాసే అక్షరానికి ఒక చుక్క చేరిస్తే యూ.)

ఈ రాయికి ఉలి పనికిరాదు. ఇసుక, నీళ్ళు వేసి రోజుల తరబడి రుద్దుతూ, మన మాటలో చెప్పాలంటే సాన పడుతూ కూర్చోవాల్సిందే. హాంగ్‌చౌ దగ్గర లియాంగ్‌జూలో సుమారు 5,000 ఏళ్ళ కిందట, ఇనుప పనిముట్టు అనే మాటే లేని రోజుల్లో, బయట నలుచదరంగా లోపల గుండ్రంగా ఉండే త్సోంగ్ అనే వస్తువులు చేశారు. వాటిలో ఒకటి ఆరున్నర కిలోలు. దానిమీద ఈకల కిరీటం పెట్టుకున్న ఒక మొహం ఉంది, అగ్గిపెట్టెకన్నా చిన్న చోట్లో, వెంట్రుకంత సన్నటి గీతలతో. ఫొటో పెద్దది చేసి చూడండి, చేతులు, గోళ్ళు కూడా కనిపిస్తాయి.

ఇక చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్. జేడ్ అరుదుగా దొరుకుతుందని దానికింత విలువా అని శిష్యుడు అడిగితే, అందుకు కాదు, మంచి మనిషి గుణాలు దాంట్లో కనిపిస్తాయని అన్నాడట. ఆ గుణాల్లో నాకు నచ్చింది ఒకటుంది: దాని లోపం అందాన్ని దాచదు, అందం లోపాన్ని దాచదు. పచ్చలకైతే పగుళ్ళు కనపడకుండా నూనె పట్టిస్తారు, మా వ్యాపారంలో అది మామూలే. అప్పటి పెద్దమనుషులు నడుముకి జేడ్ బిళ్ళలు వేలాడదీసుకుని, అడుగేసినప్పుడల్లా అవి ఖంగుమంటుంటే ఆ లయలో నడిచేవాళ్ళు.

పాత చైనాలో చూ అనే రాజ్యంలో బియాన్ హ అనే ఆయన కథ కూడా మీరు వేసుంటే బాగుండేది. కొండల్లో దొరికిన ముడి జేడ్ తీసుకెళ్ళి రాజుకిస్తే పనివాళ్ళు చూసి వట్టి రాయన్నారు, రాజు ఒక కాలు నరికించాడు. తర్వాతి రాజు దగ్గరికి వెళ్తే రెండోది పోయింది. మూడో రాజు కాలంలో కొండకింద కూర్చుని మూడు రోజులు ఏడ్చాడట, కాళ్ళకోసం కాదు, అసలైన జేడ్‌ని రాయి అన్నారని, నిజం చెప్పినవాణ్ణి అబద్ధాలకోరన్నారని. అప్పుడు సాన పట్టించి చూస్తే తేలింది. దాంతో చేసిన, నడుమ చిల్లున్న గుండ్రటి బిళ్ళకి తర్వాత చిన్ అనే ఇంకో రాజ్యపు రాజు 15 నగరాలు ఇస్తానన్నాడు (ఇచ్చే ఉద్దేశం లేదనుకోండి, అది వేరే కథ).

మా పెద్దాయన అడిగిన రాజు ల్యూ షెంగ్, క్రీ.పూ. 113లో పోయాడు. 1968లో మాన్‌చెంగ్‌లో బయటపడ్డ, ఆయన శవానికి తొడిగిన జేడ్ కవచంలో 2,498 ముక్కలు, వాటి మూలల్లో చిల్లులు పెట్టి కుట్టిన బంగారు తీగే 1.1 కిలోలు. జేడ్ ఉంటే శరీరం చెడదని వాళ్ళ నమ్మకం. తెరిచి చూస్తే లోపల శరీరం మట్టయిపోయింది. దొంగలు ఇలాంటి కవచాలని కాల్చి బంగారు తీగ ఏరుకుంటున్నారని క్రీ.శ. 222లో వేయ్ వంశపు చక్రవర్తి వీటిని ఆపించేశాడు.

2008 బీజింగ్ ఒలింపిక్స్ పతకాల వెనక జేడ్ పొదిగారు, గుర్తుందా? అభినవ్ బింద్రా స్వర్ణానికి తెల్లది. సుశీల్ కుమార్, విజేందర్‌ల కాంస్యాలకి ఆకుపచ్చది. మనకి సొంత మాట లేకపోతే పోనివ్వండి, ఈసారికి జేడ్ అనే వేసేయండి. ఆ పెద్దాయన బుధవారం మళ్ళీ వస్తానన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్