చింతపిక్కల పంతులమ్మకి దణ్ణాలు

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మొన్నటికి 7 నెలలు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వలుపు పనిలో ఉన్నవాళ్లందరికీ ఆయన కుడిచెయ్యి తెలుసు. గునపం మీద మూడు పోట్లకి డొక్క ఊడొచ్చేసేది. ఆ చెయ్యి ఓ తెల్లారగట్ల వేలాడిపోయింది. ఒత్తుకుని తిమ్మిరెక్కిందనుకుని నూనె రాసి మర్దనా చేస్తూ కూర్చున్నాం. రక్తంగడ్డ కరిగించే ఇంజక్షన్ 4.5 గంటల్లోపే పడాలని ఆసుపత్రికెళ్లాక తెలిసింది. అప్పటికే పొద్దెక్కిపోయింది. ఆ తప్పు మాదే.

వేళ కాని వేళ ఆటో తీసిన తమ్ముడికి, నెలరోజులు కేరేజీ పంపిన పక్కింటి పిన్నిగారికి ముందుగా దణ్ణాలు. ఈ పోస్టు మాత్రం నాన్నగారి చేతికి కసరత్తులు చేయించిన మా ఫిజియో అమ్మాయి కోసం.

అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చేది. వచ్చిన రోజే మాకు చీవాట్లు. మంచం మీంచి లేపడానికి ఆ చెయ్యే పట్టుకుని లాగుతున్నాం మరి! ‘పట్టులేని చెయ్యండీ, లాగితే భుజం కీలు జారిపోద్ది’ అని, దాని కింద దిండు ఎలా పెట్టాలో అమ్మకి చూపించింది. చూడ్డానికొచ్చినవాళ్లు పిసకమని తెచ్చిన రబ్బరు బంతులన్నీ బీరువా ఎక్కించేసింది. వేళ్లు ముడుచుకోవడం వాటంతటవే చేస్తాయట, తెరవడమే మనం నేర్పాలట.

మణికట్టు, వేళ్లు కాస్త పైకి లేస్తున్నాయనగా అసలు పని పెట్టింది. బాగున్న ఎడంచేతికి రోజూ 3 గంటలు గుడ్డసంచి. ఏం చేసినా కుడిచేత్తోనే. వాడకపోతే మెదడు ఆ చేతిని పక్కన పెట్టేస్తుందంది. నాన్నగారికి కోపం, అమ్మకి ఏడుపు. ఓ గిన్నెలో చింతపిక్కలు, పక్కన ఖాళీ గిన్నె. బొటనవేలు పిక్క దాకా వెళ్లి వణుకుతూ ఆగిపోయేది. మొదటిరోజు గంటకి నాలుగు పిక్కలు, అందులో రెండు నేలమీదే. అమ్మ సాయం పట్టబోతే ఆ అమ్మాయి ‘మీరు వంటింట్లోకెళ్లండమ్మా’ అనేసేది.

ఇప్పుడు చొక్కా గుండీలు ఆయనే పెట్టుకుంటున్నారు, పైది తప్ప. అన్నం కలుపుకుంటున్నారు. నిన్న కాయని రెండుచేతులా పట్టుకుని గునపం దగ్గర కాసేపు నిలబడ్డారు. పొడవలేదు. మళ్లీ వచ్చి పిక్కల ముందు కూర్చున్నారు.

ఆఖరి నెల ఫీజు సగమే తీసుకుందమ్మాయి. పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు) కట్టిచ్చాం, అవేం సరిపోతాయి గానీ.

బీరువాలో బంతులు 6 ఉన్నాయండీ. పిల్లలున్నవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి.