ఎర్ర సాక్సుల అమ్మాయికి

నిన్న రాత్రే హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాను. కుట్లు ఇంకా లాగుతున్నాయి, ఎక్కువసేపు కూర్చోలేను. అయినా ఇది రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్ దగ్గర. మా పాపకి తొమ్మిదేళ్ళు. ఆటిజం, మాటలు లేవు. వాషింగ్ మెషిన్ అద్దం ముందు కూర్చుని బట్టలు తిరుగుతుంటే చూడటమంటే దానికి ప్రాణం. ఇన్నేళ్ళూ అందరం ఆ అలవాటు మాన్పించాలనే చూశాం.

ఇక్కడ ఫ్రెండ్‌షిప్ సర్కిల్ అని ఒక సంస్థ ఉంది. లెవీ షెమ్‌టోవ్, బాసీ షెమ్‌టోవ్ అనే యూదు దంపతులు 1994లో మొదలుపెట్టారు. హైస్కూల్లో చదివే యూదు పిల్లలు వారానికోసారి ఇళ్ళకొచ్చి మాలాంటి వాళ్ళ పిల్లలతో ఆడుకుంటారు. డబ్బు తీసుకోరు. మీదే మతమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. సెప్టెంబర్ నుంచి మా ఇంటికి ఇద్దరమ్మాయిలు వస్తున్నారు. అందులో ఒకమ్మాయి గురించే ఇదంతా. పదహారేళ్ళ పిల్ల, అందుకే పేరు రాయడం లేదు.

మొదటి ఆదివారం బొమ్మల సంచీ తెచ్చింది. పాప వాటి వంక కూడా చూడకుండా లేచి మెషిన్ దగ్గరికి పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది, సారీ చెప్పబోయాను. ఆ అమ్మాయి సంచీ పక్కన పెట్టి, పాప పక్కనే నేల మీద చతికిలబడింది. నలభై నిమిషాలు, ఫోన్ తీయకుండా. వెళ్ళేటప్పుడు అంది, "ఎర్ర టవల్ అద్దం దగ్గరికి వచ్చినప్పుడల్లా చేతులు ఊపుతోంది, చూశారా?" అని.

చూడలేదు. నా కూతురు ఎర్ర రంగు కోసం ఎదురుచూస్తుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు. తలుపేసి అక్కడే కూలబడి ఏడ్చాను. మరుసటి వారం తన ఎర్ర సాక్సులు తెచ్చి మెషిన్‌లో వేసింది.

కిందటి గురువారం రాత్రి నాకు అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్. మా ఆయన నా దగ్గర, ఇంట్లో పాపతో తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య ఒక్కరే. ఆదివారం కాస్త ఎక్కువసేపు ఉండగలవా అని శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన మెసేజ్ పెడితే, "రేపే వస్తాను" అంది. శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వాళ్ళకి షబ్బాత్, అంటే వారం వారం వచ్చే పవిత్ర విశ్రాంతి రోజు. కారెక్కరు, ఫోన్ ముట్టుకోరు. మంచులో రెండు మైళ్ళు నడిచొచ్చింది. తను పాటించే నియమంలో ఆ రోజు చేత్తో ఏదీ పట్టుకుని రోడ్డు మీద నడవకూడదట. అందుకని ఎర్ర సాక్సులు కాళ్ళకి తొడుక్కుని వచ్చింది.

ఆ కంగారులో అత్తయ్య మెషిన్ వేయలేదు. పాప ఖాళీ మెషిన్ ముందు తల బాదుకుంటోందట. ఆ అమ్మాయి బూట్లు విప్పి, కింద కూర్చుని, ఒక కాలు అద్దం ముందుకి చాపి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టిందట. పాప ఏడుపాపి చేతులు ఊపింది. అత్తయ్య పులిహోర పెట్టబోతే వద్దని, అరటిపండు తీసుకుందట. తిండి విషయంలోనూ వాళ్ళకి నియమాలున్నాయి. "మా అమ్మమ్మ మడి ఇంతకన్నా గట్టిది" అన్నారు అత్తయ్య. వెళ్ళేటప్పుడు పాప ఒక సాక్సు వదల్లేదు. రెండో కాలికి ఉత్త బూటేసుకుని ఆ మంచులో వెనక్కి నడిచి వెళ్ళిందా పిల్ల.

అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. పాపలో తగినంత మార్పు లేదు కాబట్టి థెరపీ గంటలు తగ్గిస్తారట. ఆ థెరపీ కోసం పద్నాలుగు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఆరు నెలలకోసారి కాగితాలు పెట్టి, నా బిడ్డకి ఇంకా సాయం కావాలని మళ్ళీ మొదటి నుంచి నిరూపించుకోవాలి. ఆ ఉత్తరం రాసినవాళ్ళు పాపని ఒక్కసారైనా చూశారా?

మా ఆయన, అత్తయ్య, రోజుకి పదిసార్లు ఫోన్ చేసిన అమ్మ, మీకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, రెండో అమ్మాయిని మర్చిపోయాను, సోమవారం సాయంత్రమంతా తనే ఉంది. మా డ్రైవ్‌వేలో మంచు తీసిన ఎదురింటి పెద్దాయన, మూడు రోజులు సాంబారు, అన్నం పంపిన కడప అక్క, రాత్రి డ్యూటీలో నా చెయ్యి పట్టుకున్న నర్సు, స్కూల్ బస్సు డ్రైవరమ్మ, అందరికీ దండాలు.

అమ్మాయీ, ఇది మా ఆయన నీకు ఇంగ్లీషులో చదివి వినిపిస్తారు. నీ సాక్సు పాప దిండు కింద ఉంది. ఆదివారం నువ్వొచ్చాకే మెషిన్ వేస్తాం.