సర్వీస్ చార్జీ వాళ్లకు, టిప్పు పాఠాలు మాకా?

సంపాదకుల వారికి,

అయ్యా,

స్నేహితులతో కలిసి హోటల్‌కు వెళ్లినప్పుడు టిప్పు ఎలా ఇవ్వాలో బోధిస్తూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని కాస్త ఆలస్యంగా చదివాను. బిల్లులో పది శాతం తప్పక వదలాలని, ఇవ్వని మిత్రుణ్ణి సున్నితంగా హెచ్చరించాలని సెలవిచ్చిన వ్యాసకర్త, మన బెంగళూరులోని ఇందిరానగర్, కోరమంగళ వంటి చోట్ల కొన్ని హోటళ్లు ఆ పది శాతాన్ని మనల్ని అడగకుండానే బిల్లులో వేసేస్తున్న సంగతిని ఒక్క ముక్కలోనైనా ప్రస్తావించకపోవడం నాకు వింతగా తోచింది.

లెక్క చూడండి. నాలుగు వేల రూపాయల భోజనానికి సర్వీస్ చార్జీ పేరుతో 400 కలుపుతారు, ఆ 4,400 మీద 5 శాతం జీఎస్టీ వేసి 4,620 చేస్తారు. వ్యాసకర్త మాట విని దానిపైన మళ్లీ పది శాతం పెడితే మరో 462 రూపాయలు వదులుతాయి. సర్వీస్ చార్జీ తీసేస్తే 4,200 కట్టి, మనసుకు తోచినంత వెయిటర్ చేతిలో పెట్టి రావచ్చు.

ఇలా బిల్లులో దానంతటదే సర్వీస్ చార్జీ చేర్చకూడదని, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4ననే మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకెక్కి అదే నెలలో స్టే తెచ్చుకున్నా, 2025 మార్చి 28న ఆ కోర్టు వారి పిటిషన్లను కొట్టివేసి, చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా విధించింది. ఆ తీర్పు తరువాత కూడా మా పేటలోని ఒక హోటల్లో అదే పద్దు బిల్లు అడుగున చిన్న అక్షరాలలో కనబడుతూనే ఉంది. తీసేయమంటే మేనేజర్ వచ్చి, పక్క బల్లల వారికి కూడా వినబడేటట్టు, "సార్, మా కుర్రాళ్ల కోసమే కదా!" అంటాడు. నలుగురు మిత్రుల ముందు ఆ మాట విన్నాక నోరు పెగిలేది ఎవరికి? అడిగినవాడు పీనాసి, అడగనివాడు మర్యాదస్థుడు! మన మొహమాటమే వారి పెట్టుబడి.

ఇక ఆ కుర్రాళ్ల సంగతి. అక్కడ వడ్డించిన ఒడిశా అబ్బాయిని మెల్లగా అడిగితే, ఆ డబ్బులో తనకు ఎంత వస్తుందో తెలియదని, చేతికిచ్చిందే తనదని చెప్పాడు. మా మిత్రబృందాలు మాత్రం తక్కువ తిన్నాయా? పోట్లాడి సర్వీస్ చార్జీ తీయించుకున్న పెద్దమనిషి ఆ ఉత్సాహంలో పది రూపాయలైనా పెట్టకుండా సోంపు నములుతూ లేచిపోతాడు. ఫోన్‌తో బిల్లు కట్టినవాడే జేబు వెతుక్కుని నోటు తీసి టిప్పు పెడతాడు. మర్నాడు మిగిలినవారు తమ వాటాను పైసలతో సహా పంపుతారు గానీ టిప్పు వాటా ఎవరి లెక్కలోకీ రాదు. బల్ల దగ్గర కూర్చునేటప్పుడే తలా ఇంత అనుకుంటే ఈ గొడవే ఉండదు. ఈ విషయంలో బసవనగుడిలోని దర్శినులనే చిన్న ఫలహారశాలలే నయం: టోకెన్ తీసుకుని, నిలబడి ఇడ్లీ తిని, కాఫీ తాగి వచ్చేస్తాం.

అన్నిటికన్నా విడ్డూరం అధికారుల తీరు. ఈ విషయంలో ఫిర్యాదు అందితే జిల్లా కలెక్టర్ విచారణ జరిపించవచ్చని ఆ మార్గదర్శకాలలోనే ఉంది. అయినా ఏ హోటల్లోనైనా ఎవరైనా తనిఖీకి వచ్చినట్టు నేనైతే వినలేదు. కాలిబాట మీది తోపుడు బండ్ల వారిపై ప్రతాపం చూపడానికి తీరికున్న యంత్రాంగానికి, ఏసీ హోటల్ బిల్లు చేతిలోకి తీసుకుని చూసే తీరిక లేదు కాబోలు. కోర్టు తీర్పు వచ్చినా నిమ్మకు నీరెత్తినట్లు కూర్చున్నవారిని కదిలించేది ఎవరు?

సర్వీస్ చార్జీ కట్టనవసరం లేదన్న మాటను ప్రతి హోటల్ గుమ్మం దగ్గర తెలుగు, కన్నడ, ఆంగ్ల భాషలలో పెద్ద అక్షరాలతో పెట్టించాలని కలెక్టర్ గారిని కోరుతున్నాను. మీరు కూడా వచ్చే ఆదివారం అదే పుటలో, అంతే పెద్ద శీర్షికతో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు