ట్రస్టు రిటర్ను గడువు అక్టోబరు, తేలేది మార్చిలో

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ వన్‌టౌన్ సత్రాల నుంచి గుంటూరు బ్రాడీపేట స్కాలర్‌షిప్పు ట్రస్టుల దాకా మన ప్రాంతంలో చిన్న ధర్మసంస్థలకు కొదవ లేదు. వాటి ట్రస్టీల్లో చాలామంది రిటైరైన ఉద్యోగులు, వ్యాపారులు, డాక్టర్లు. సొంత రిటర్ను జులైలోనే వేసేస్తారు. ట్రస్టు లెక్కలు మాత్రం సెప్టెంబరు చివరి వారంలో సంచీడు వోచర్లుగా ఆడిటరు గారి బల్ల మీదికి చేరతాయి. అప్పటికి ఆయన చేయగలిగింది జరిగినదాన్ని రాయడమే. పన్ను పడుతుందా లేదా అన్నది చాలావరకు మార్చి 31 నాటికే తేలిపోయి ఉంటుంది.

‘మాకు 12ఏ ఉంది, పన్ను లేదు, ఇంక రిటర్నెందుకు?’ అనే మాట తరచూ వినిపిస్తుంది. 12ఏ అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధర్మసంస్థగా చేసుకున్న రిజిస్ట్రేషన్. అది ఇచ్చేది మినహాయింపు అడిగే హక్కు మాత్రమే. అడగాల్సింది రిటర్నులో. మినహాయింపు తీసేయక ముందు లెక్కగట్టిన ఆదాయం పన్ను పడని కనీస పరిమితి దాటితే ఆడిటూ, ఐటీఆర్-7 రిటర్నూ రెండూ తప్పనిసరి. అవి లేకపోతే మినహాయింపు మొత్తం పోతుంది. రోజువారీ ఖర్చులు తీసేసి మిగతాదానికి పన్ను వేస్తారు గానీ, ఆ ఏడాది కట్టించిన గదుల ఖర్చును, ఇంకో సంస్థకిచ్చిన విరాళాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. (కుటుంబ ఆస్తుల కోసం పెట్టుకున్న ప్రైవేటు ట్రస్టుల దారి వేరు. వాటికి ఐటీఆర్-5. ఎవరి వాటా ఎంతో డీడులో లేకపోతే సాధారణంగా గరిష్ఠ రేటే.)

రిటర్ను ట్రస్టు పాన్ మీదే వెళ్ళాలి. ట్రస్టు పాన్‌లో నాలుగో అక్షరం ‘టి’, వ్యక్తిదైతే ‘పి’. బ్యాంకుకు వెళ్ళే ఓపిక లేక కోశాధికారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ వడ్డీ, దాని మీద బ్యాంకు ముందే కోసిన పన్ను (టీడీఎస్) ఆయన 26ఏఎస్‌లో (పాన్ మీద కోసిన పన్ను చూపే పట్టిక) కనిపిస్తాయి. ఆయనకు నోటీసు వస్తుంది, ట్రస్టుకు ఆ టీడీఎస్ రాదు. ఏటా ఏప్రిల్‌లో ట్రస్టు పాన్‌తో 26ఏఎస్, ఏఐఎస్ (పాన్ మీద నమోదైన ఆదాయ వివరాలు) దించుకుని పాస్‌బుక్కులతో సరిచూసుకుంటే ఇది అప్పుడే బయటపడుతుంది.

ఇక అసలు లెక్క. ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు కావాలి. మిగతా 15 శాతం ఏ షరతూ లేకుండా ఉంచుకోవచ్చు. ఉదాహరణకు అద్దెలు, చందాలు, వడ్డీ కలిపి 40 లక్షలు వచ్చాయనుకుందాం. 34 లక్షలు ఖర్చు చూపాలి. పుస్తకాల్లో 33 లక్షలు రాసి ఉంది. కానీ అందులో 5 లక్షలు మార్చిలో కాంట్రాక్టరు బిల్లు వచ్చి ఏప్రిల్‌లో చెల్లించినవి, మరో 2 లక్షలు మార్చిలో మంజూరు చేసి జూన్‌లో పిల్లలకు ఇచ్చిన స్కాలర్‌షిప్పులు. 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరం (అంటే 2021-22 ఆదాయం) నుంచి చెల్లించిన డబ్బే ఖర్చు, రాసుకున్నది కాదు. అంటే లెక్కకు వచ్చేది 26 లక్షలు, లోటు 8 లక్షలు. ఈ ఒక్క సంగతి ఫిబ్రవరిలో గమనించి ఉంటే కాంట్రాక్టరు బిల్లు మార్చిలోనే చెల్లించేవారు. పోయినేడు ఎక్కువ ఖర్చుపెట్టాం గదా, దాన్ని ఈ ఏడు సర్దుకుంటాం అంటే అదీ ఇప్పుడు కుదరదు.

చెల్లించినదంతా కూడా లెక్కకు రాదు. ఒకరికి ఒక రోజున 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ మొత్తం పక్కకు పోతుంది. అన్నదానం నాడు వంట మాస్టరుకు 9,500 చొప్పున రెండు వోచర్లు రాసినా అవి రెండూ కలిపే చూస్తారు. షామియానా వాళ్ళకో, భవనం మేస్త్రీకో ఒకే బిల్లు 30 వేలు దాటినా, ఏడాదిలో మొత్తం లక్ష దాటినా టీడీఎస్ కోయాలి: వ్యక్తి అయితే 1 శాతం, ఫర్మ్ అయితే 2 శాతం. కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు. దీనికి ట్రస్టుకు టాన్ (టీడీఎస్ కోసేవారికిచ్చే నంబరు) ఉండాలి. చాలా ట్రస్టులకు అదే ఉండదు. మరో రిజిస్టర్డు ట్రస్టుకు లక్ష విరాళమిస్తే లెక్కకు వచ్చేది 85 వేలే. అప్పు తెచ్చి కట్టించినదాన్ని అప్పు తీర్చిన ఏడాదిలోనే చూపాలి, అదీ అయిదేళ్ళ లోపు తీరిస్తేనే. మూలనిధి తీసి ఖర్చుపెట్టినా అంతే, తిరిగి నింపినప్పుడే లెక్క.

నిజంగానే ఖర్చు కాకపోతే దారి ఉంది. ఫలానా పని కోసం కూడబెడుతున్నామని ట్రస్టీలు తీర్మానం చేసి ఫారం 10 వేయాలి. అయిదేళ్ళ గడువు దొరుకుతుంది. ‘ట్రస్టు ఆశయాల కోసం’ అని రాస్తే తగాదా తప్పదు. ‘సత్రం మొదటి అంతస్తులో ఆరు గదుల నిర్మాణం’ అని రాయండి. ఆదాయం రావలసి ఉండి చేతికి అందకపోతే ఫారం 9ఏ.

మన వైపు ఎక్కువగా దెబ్బతినేది నిల్వ డబ్బు దగ్గరే. ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇవ్వడం, చిట్టీ కట్టడం ఇక్కడ మామూలే. ట్రస్టు డబ్బుకు మాత్రం ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 11(5) చెప్పిన చోట్లే నిల్వ: షెడ్యూల్డు, సహకార బ్యాంకులు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు, స్థిరాస్తి వంటివి. ప్రోనోటూ చిట్టీ ఆ జాబితాలో లేవు. వడ్డీ ఎంత బాగా వచ్చినా ఆ మేరకు ఆదాయానికి 30 శాతం పన్ను. ట్రస్టీ బావమరిదికి మండపాన్ని సగం అద్దెకు ఇచ్చినా, ట్రస్టీ కొడుక్కి మార్కెట్‌ను మించిన జీతం ఇచ్చినా అదే రేటు.

పేర్లు లేని విరాళాల సంగతి కూడా రసీదు పుస్తకం దగ్గరే తేలాలి. పూర్తిగా మతపరమైన ట్రస్టుకు ఈ బెడద లేదు. విద్య, వైద్యం, అన్నదానం వంటి ధర్మట్రస్టుకు ఉంది. మొత్తం విరాళాలు 10 లక్షలు, అందులో దాత పేరూ చిరునామా లేనివి 3 లక్షలు అయితే, విరాళాల్లో 5 శాతం లేదా లక్ష, ఏది ఎక్కువైతే అది వదిలేస్తారు. ఇక్కడ లక్ష పోను 2 లక్షల మీద 30 శాతం. ‘ఒక భక్తుడు’ అని రాసిన రసీదు ఖరీదు అది.

తేదీల్లో మొదటిది మే 31. 80జీ (దాతకు పన్ను రాయితీ దొరికే అనుమతి) ఉన్న ట్రస్టు దాతల జాబితాను ఫారం 10బీడీలో పంపి, ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి వచ్చే 10బీఈ సర్టిఫికెట్ దాతకు ఇవ్వాలి. చేతిరాత రసీదు ఇప్పుడు చాలదు. ఆలస్యమైతే రోజుకు 200. ఫారం 10, 9ఏలకు చట్టం చెప్పే తేదీ ఆగస్టు 31. రిటర్ను గడువు లోపు వేస్తే కాదనబోమని 2023 నాటి 6వ నంబరు సర్క్యులర్ చెబుతోంది. ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30కి, రిటర్ను అక్టోబరు 31కి. ఆదాయం 5 కోట్లు దాటినా, విదేశీ విరాళం రూపాయి వచ్చినా, విదేశాల్లో ఖర్చుపెట్టినా ఆడిట్ రిపోర్టు ఫారం 10బీలో, లేకుంటే 10బీబీలో. ఏది వేయాలో తప్పితే మళ్ళీ మొదటికే.

ఇక్కడ చాలామంది జారేది ఒకటుంది. ఆడిటరు రిపోర్టు అప్‌లోడ్ చేసినంత మాత్రాన దాఖలైనట్టు కాదు. ట్రస్టు లాగిన్‌లోకి వెళ్ళి దాన్ని ‘యాక్సెప్ట్’ చేయాలి. ఆ తేదీయే దాఖలు తేదీ. ఓటీపీ వెళ్ళే ఫోను కాలం చేసిన పాత మేనేజింగ్ ట్రస్టీదైతే సెప్టెంబరు 30 సాయంత్రం ఏమీ చేయలేరు. ట్రస్టీ మారిన వారంలోనే పోర్టల్‌లో ప్రధాన వ్యక్తి వివరాలు, ఫోను, మెయిలు మార్చుకోవాలి. రిటర్ను వేశాక 30 రోజుల్లో వెరిఫై చేయడం కూడా మరవకూడదు.

అక్టోబరు 31 తప్పినా డిసెంబరు 31 లోపు ఆలస్య రిటర్ను వేస్తే మామూలు మినహాయింపు ఉంటుంది. ఫారం 10తో కూడబెట్టినదానికి మాత్రం ఉండదు. డిసెంబరు కూడా దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్నులో ఏ మినహాయింపూ దొరకదు. ఫారాలు ఆలస్యమైతే కమిషనరుకు కారణం చెప్పి మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. కారణానికి ఆధారాలు జతచేయాలి.

రిజిస్ట్రేషన్ పత్రంలో ‘ఏ అసెస్‌మెంట్ సంవత్సరం వరకు’ అన్న గడి ఈ రోజే చూసుకోండి. 2021లో కొత్త విధానంలో అయిదేళ్ళకు తీసుకున్నవారి గడువు 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరం వరకే, అంటే 2026 మార్చి 31 దాకానే. ముగియడానికి ఆరు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టాలి. ఆ పని మరిచితే ఏడాది ఆదాయం మీదే కాదు, ట్రస్టు ఆస్తుల నికర విలువ మీదే పన్ను పడే నిబంధన ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారినా, 2025-26 ఆదాయానికి రిటర్ను పాత 1961 చట్టం కిందే.

విజయవాడ, గుంటూరు ఆదాయపు పన్ను కార్యాలయాలకు, ఈ రెండు ఊళ్ళలోని చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ శాఖలకు మా విన్నపం ఒక్కటే. ట్రస్టీల అవగాహన సదస్సు ఏటా జనవరిలో, తెలుగులో పెట్టండి. నగదు పరిమితి, టీడీఎస్, మార్చి 31లోపు చెల్లింపు, 11(5) జాబితా, ఇవి ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చువేసి, కొత్త ట్రస్టు డీడు రిజిస్టరయ్యే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో కూడా అందుబాటులో ఉంచండి.

ట్రస్టుల లెక్కలు చూసే కొందరం,
అరండల్‌పేట, గుంటూరు