వేడినీళ్ల స్నానం గుండెకు మంచిదే, కానీ ఎంత వేడి?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే ‘రోజూ వేడినీళ్ల స్నానం చేస్తే గుండె జబ్బు రాదు’ అన్న మాట పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ తిరుగుతుంది. దీనికి ఎక్కువగా ఆధారంగా చూపేది జపాన్‌లో జరిగిన ఒక పరిశోధన. 40–59 ఏళ్ల వయసున్న సుమారు 30 వేల మందిని 1990 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. వారానికి రెండుసార్లకు మించి తొట్టిస్నానం చేయనివారికంటే, ఇంచుమించు రోజూ చేసేవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 28 శాతం తక్కువగా కనిపించింది. అయితే స్నానమే అందుకు కారణమని ఆ పరిశోధన తేల్చలేదు. పైగా అప్పటికే గుండె జబ్బున్నవారిని అందులో చేర్చుకోలేదు. స్టెంట్ వేయించుకున్న మనిషికి ఆ అంకె చూపించి ధైర్యం చెప్పడం తప్పు.

అక్కడి స్నానం తీరే వేరు. భుజాల దాకా వేడినీళ్లలో మునిగి కూర్చుంటారు. వేడికి చర్మం కింది నాళాలు విచ్చుకుని బీపీ తగ్గుతుంది, నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని ఛాతీ వైపు నెడుతుంది. మన బకెట్ స్నానంలో ఆ ఒత్తిడి ఉండదు, వేడి ఒక్కటే పనిచేస్తుంది. అందుకే పీట మీద కూర్చుని బాగా వేడినీళ్లు పోసుకుని గబుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయి. ఆమ్లోడిపిన్, ప్రాజోసిన్, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా నాళాలను విప్పే మందులే కాబట్టి, అవి వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తిన్న వెంటనే స్నానం చేయొద్దని మన పెద్దలు చెప్పింది వీళ్లకు బాగా వర్తిస్తుంది.

చలికాలంలో వృద్ధులు స్నానాల గదుల్లోనే ప్రాణాలు పోగొట్టుకోవడం జపాన్‌లో పెద్ద సమస్య. నీళ్లు 41 డిగ్రీలు దాటకూడదని, తొట్టిలో 10 నిమిషాలకు మించి ఉండకూడదని, బట్టలు విప్పే గదిని ముందే వెచ్చబరచుకోవాలని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. మనదాకా శుభవార్త వచ్చింది గానీ ఈ హెచ్చరిక రాలేదు.

మన బకెట్‌కు లెక్క సులువే. గీజర్ నీళ్లు 60 డిగ్రీలు, కుళాయి నీళ్లు 25 డిగ్రీలు ఉంటే, నాలుగు మగ్గుల చన్నీళ్లకు మూడు మగ్గుల వేడినీళ్లు కలిపితే 40 డిగ్రీలవుతుంది. కుళాయి నీళ్లు 20కి పడిపోతే రెండూ సమంగా కలపాలి. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు పోయాలి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారు కాలు పెట్టి వేడి చూడకూడదు. కాలినా వాళ్లకు తెలియదు. మోచేత్తో చూసుకోవాలి, లేదా ఇంట్లో మరొకరు చూడాలి. స్నానం అయ్యాక కూర్చునే ఒళ్లు తుడుచుకుని, ఒక నిమిషం ఆగి, గోడకు బిగించిన కడ్డీ పట్టుకుని లేవాలి. లోపల గడియ పెట్టుకోకపోవడం మేలు. గ్యాస్ గీజర్‌ను స్నానాలగదిలో అసలు పెట్టొద్దు. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది.

గుండె రోగులను ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఉప్పు గురించి, నడక గురించి రాస్తారు. స్నానం గురించి ఒక్క ముక్క ఉండదు. వైద్య ఆరోగ్య శాఖ స్నానం జాగ్రత్తలపై రెండు వాక్యాలు తెలుగులో చేర్పించాలి. మీ పత్రిక కూడా ఇలాంటి వార్త వేసినప్పుడల్లా 28 శాతం పక్కనే 41 డిగ్రీలని కూడా అచ్చువేయాలని మనవి.

– ఒక హృద్రోగ వైద్యుడు, హనుమకొండ