పాలీహౌస్ పరిశోధన మూడో పంట నుంచి మొదలుపెట్టండి

సంపాదకులకు,

పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డులో సాగు) పరిశోధన అనగానే ఎకరాకు ఎన్ని టన్నులన్న లెక్కే ముందుకొస్తోంది. అది దాదాపు ఎప్పుడూ కొత్త మట్టిలో వేసిన మొదటి పంట లెక్క. తెలంగాణ ఇచ్చిన 75 శాతం సబ్సిడీతో షెడ్డు కట్టుకున్న రైతు చేతులెత్తేసేది మూడో పంటకో నాలుగో పంటకో. సిద్దిపేట జిల్లా ములుగు, వెంకటరామన్నగూడెంలలోని ఉద్యాన విశ్వవిద్యాలయాలు, జీడిమెట్ల, కుప్పంలలోని ఉద్యాన కేంద్రాలు తమ ప్రయోగాలను పాతబడి పురుగు పట్టిన మట్టిలో పెట్టాలని మా విన్నపం.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది వేరు బుడిపెల నులిపురుగు సంగతి. మధ్యాహ్నం కాప్సికం ఆకులు వాలిపోయి సాయంత్రానికి తేరుకుంటాయి. నీళ్లు చాలలేదనుకుని డ్రిప్ ఇంకాసేపు వదులుతారు. మొక్క పీకి చూస్తే పీచువేళ్ల నిండా పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపిస్తాయి. వెచ్చని మట్టిలో ఈ పురుగుకు ఒక తరం గడవడానికి నెల చాలు, ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. తొమ్మిది నెలల పంటలో ఎనిమిది, తొమ్మిది తరాలు! బయటి పొలాన్ని ఎండాకాలం లోతుగా దున్ని వదిలేస్తే కొంతైనా చస్తాయి. షెడ్డులో ఏడాది పొడవునా తడి ఉంటుంది, తినడానికి వేరూ ఉంటుంది.

ఏప్రిల్, మేలలో బెడ్లను బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలని అందరూ చెబుతారు. పని చేస్తుంది కూడా. అయితే వేడి గట్టిగా తగిలేది పైనున్న 15, 20 సెంటీమీటర్లకే. అంతకంటే లోతున దాగిన పురుగు కొత్త వేళ్లు దిగగానే పైకొస్తుంది. పైగా ఏడాదికి మూడు కీర పంటలు తీసేవాళ్లకు ఆరు వారాల ఖాళీ దొరకదు. రెండు వారాల్లో ముగిసే పద్ధతి ఏదైనా ఉందా? దీనికి జవాబు కావాలి.

అసలు పరిష్కారం అంటునారులో, అంటే తెగులును తట్టుకునే వేరు మీద అంటుకట్టిన నారులో ఉందని మా నమ్మకం. వంగను ఉస్తి మీద అంటుకట్టడం తెలిసిన విద్యే. కాప్సికానికి, కీరకు మన మట్టిలో నిలిచే రూట్‌స్టాక్‌లు (అంటుకు కింద వేరుగా ఉండే మొక్కలు) కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. టమాటాలో నులిపురుగును అడ్డుకునే ఎంఐ జన్యువు మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే పట్టు సడలిస్తుంది. మార్చి తర్వాత మన బెడ్లలో ఆ వేడి దాటడం మామూలే. కాబట్టి చల్లని దేశంలో నెగ్గిన రూట్‌స్టాక్‌ను తెచ్చి ఇక్కడ చలికాలంలో పరీక్షించి మంచిదని ముద్ర వేస్తే రైతు మునుగుతాడు. పరీక్ష మే నెలలో జరగాలి.

ట్రైకోడెర్మా, పొకోనియా లాంటి మేలు చేసే శిలీంధ్రాలతో చేసిన జీవ మందులనూ ఇలాగే చూడాలి. టన్ను మాగిన పశువుల ఎరువులో రెండు కిలోలు కలిపి, తడి ఆరకుండా నీడలో పదిహేను రోజులు పెంచి వేస్తే ఫలితం ఉంటుంది. పొడి వేపపిండిలో కలిపి చల్లితే దండగ. వేసవిలో రేకుల గోదాములో ఉన్న పొట్లంలో ఎంత శాతం బతికి ఉందో ఎవరు కొలుస్తున్నారు?

రెండోది వేడి, నెట్ తగాదా. తామర పురుగు (త్రిప్స్) షెడ్డు పక్కలకు కట్టే 40 మెష్ (అంగుళానికి 40 కళ్లు) నెట్‌లోంచి సులువుగా దూరుతుంది. 2021లో మిరపను ఊడ్చేసిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే తామర పురుగు కాప్సికం పూలనూ వదలదు. నెట్ సన్నం చేస్తే గాలి ఆగి, లోపల 40 డిగ్రీలు దాటి పూత రాలుతుంది. గాలి సగానికి తగ్గితే నెట్ విస్తీర్ణం రెట్టింపు చేయాలి, అంటే గోడను బయటికి ఉబ్బించి కట్టాలి. గట్టర్ (కప్పు అంచున వాన నీటి కాలువ) ఎత్తు 4 మీటర్లా 5 మీటర్లా, పైకప్పు కిటికీ ఎంత వెడల్పు అన్నవి మన ఎండలో, మన గాలిలో కొలిచి చెప్పాలి. స్పెయిన్‌లోని అల్మేరియాలో 2006 చివర్లో మిరపకాయల్లో నిషేధిత మందు అవశేషాలు బయటపడ్డాక రైతులు పంట పురుగులను తినే మిత్రపురుగుల వైపు మళ్లారు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ (ఎన్‌బీఏఐఆర్) పెంచే బ్లాప్టోస్తీథస్ అనే మిత్రపురుగు మన షెడ్డు వేడిలో నిలుస్తుందో లేదో చూడటానికి ఏ అడ్డూ లేదు.

నీళ్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. బోరు నీటిలో బైకార్బనేట్ ఎక్కువైతే లేత ఆకులు పసుపెక్కుతాయి, డ్రిప్పర్లు సున్నంతో పూడుతాయి. యాసిడ్ పోసి సరిచేయడం ఖర్చు, ప్రమాదం. 750 మిల్లీమీటర్ల వాన పడే చోట 4,000 చదరపు మీటర్ల కప్పు మీద ఏటా 30 లక్షల లీటర్లు పడుతుంది. 80 శాతం పట్టినా 24 లక్షలు. రోజుకు చదరపు మీటరుకు 3 లీటర్ల చొప్పున 200 రోజులకు సరిపోతుంది. ఆవిరి నష్టం తగ్గించే చౌకైన చెరువు నమూనా ఒకటి ఇస్తే చాలు.

బూడిద తెగులుకు గంధకం పొగబెడితే ప్లాస్టిక్ షీటు ఆయుష్షు తగ్గుతుంది. ఏ మందు ఎంత తగ్గిస్తుందో పట్టిక వేయడం పెద్ద ఖర్చు కాదు.

ఇకపై ప్రతి ప్రయోగ ఫలితం పక్కన నాలుగు అంకెలు అచ్చు వేయండి: ఆ మట్టిలో అది ఎన్నో పంట, నాటే ముందు నులిపురుగుల సంఖ్య ఎంత, 15 సెంటీమీటర్ల లోతున మట్టి వేడి ఎంత, రాత్రి ఉష్ణోగ్రత ఎంత.

– కొందరు పాలీహౌస్ సాగుదారులు, రంగారెడ్డి జిల్లా